ఎడమకి ఒకటి, కుడికి రెండు

బ్లోయర్ తిరుగుతోంది. తిరగడంలో దానికి ఏ లోటూ లేదు. మంచు మాత్రం గొట్టంలోంచి బయటికి రావడం లేదు.

ఓర్విల్ కాంగస్ ట్రాక్టరు సీటు మీద కూర్చుని, చేతితొడుగుతో ముక్కు తుడుచుకుని, మళ్లీ ముందుకి పోనిచ్చాడు. రాత్రంతా సరస్సు మీది గాలి కుమ్మరించిన మంచు మోకాలి లోతున పడి ఉంది. ట్రాక్టరు ముందు బిగించిన బ్లోయర్ కొత్త నారింజ రంగులో పెళ్లికూతురిలా మెరుస్తోంది. దాని నోట్లో ఎడమకొకటి, కుడికొకటి ఉన్న మెలిక రెక్కలు గిరగిర తిరుగుతున్నాయి. అవి మంచుని కొరికి మధ్యకి లాగాలి. మధ్యన వెనకున్న పంకా దాన్ని అందుకుని గొట్టంలోంచి ముప్పై అడుగుల దూరం విసిరికొట్టాలి. కానీ మంచు అటూ ఇటూ గోడల దగ్గరికి పోయి కుప్పపడుతోంది. గొట్టంలోంచి వచ్చిందల్లా పిల్లి తుమ్మినంత పొడి.

వెనక్కి తీసి ఇంకోసారి పోనిచ్చాడు. అంతే. ఇంజను ఆపేశాడు. 

బ్లోయర్ పని చెయ్యకపోతే ఏమవుతుంది? పార ఉంది, చేతులున్నాయి. ఈ మంచు సీమ కెవీనాలో పుట్టినవాడికి పార కొత్త కాదు. ఓర్విల్ భయం మంచు గురించి కాదు, తన తల గురించి.

ఓర్విల్ ముప్పై రెండేళ్లు కౌంటీ గరాజులో మెకానిక్‌గా చేశాడు. రోడ్ల మీది మంచు నెట్టే, ఇల్లంత పొడుగుండే నాగళ్లని విప్పి బిగించిన చెయ్యి. అలాంటివాడికి మొన్న ఏప్రిల్‌లో ఇనుప సామాన్ల కొట్లో నిలబడితే, కావలసిన వస్తువు పేరు నోటికి రాలేదు. చేత్తో గాల్లో గీసి చూపించి కొనుక్కొచ్చాడు. అది పోనీలే అనుకుంటే, రెండు వారాలకి మరదలి ఇంటి నుంచి వస్తూ అరవయ్యేళ్లుగా తెలిసిన నాలుగురోడ్ల కూడలిలో బండి ఆపాడు. ఇల్లెటో తెలియలేదు. వెనక పాల లారీ హారన్ కొట్టేదాకా అలాగే కూర్చున్నాడు. లారీ ఎటు తిరిగిందో చూసి, దాని వెనకాలే పోనిచ్చాడు. కాస్త దూరం పోయాక దారి దానంతటదే గుర్తొచ్చింది.

ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికేముంది? వాళ్ల నాన్న ఎవర్ట్‌కి కూడా ఇలాగే మొదలైంది. అరవై ఎనిమిదో ఏట ఒక జనవరి పొద్దున బకెట్టు పట్టుకుని పాక దగ్గరికి బయల్దేరాడు, పదేళ్ల కిందట అమ్మేసిన ఆవుల పాలు పితకడానికి. ఓర్విల్‌కి ఇప్పుడు అరవై ఏడు.

అందుకని మే నెలలో తనకి తానే ఒక పరీక్ష పెట్టుకున్నాడు. చిన్నాన్న కొడుకు పొలంలో, కూలిన బంగాళాదుంపల కొట్టం వెనక, ఈ బ్లోయర్ పడి ఉంది. దాని నోట్లోంచి ఆపిల్ మొక్క మొలిచింది. గొట్టంలో ఎలుకలు కాపురం పెట్టాయి. దాన్ని తీసుకొచ్చి ఆఖరి మరమేకు దాకా విప్పుతాను, మళ్లీ బిగిస్తాను, అది మంచు విసిరిందా, నా తలకి ఏమీ కానట్టే అనుకున్నాడు. వైద్యుడి దగ్గరికి పోయి చూపించుకోవడం కంటే అదే తేలికనిపించింది. మొగాళ్ల తెలివి చాలామటుకు ఇలాగే ఏడుస్తుంది.

ఎండాకాలమంతా దాంతోనే సరిపోయింది. తుప్పుపట్టి కరుచుకుపోయిన పిన్నుకి నూనె పోసి, సెగ పెట్టి, అయినా రాకపోతే తొలిచి తీశాడు. ఆ ఒక్క పిన్నే మూడు రోజులు తింది. గేర్‌బాక్సు విప్పితే లోపల ఇత్తడి చక్రం చెక్కుచెదరకుండా ఉంది. ఆ రోజు ఈల వేసుకుంటూ ఇంట్లోకి వచ్చాడు. బేరింగులు కొత్తవి వేశాడు. తుప్పంతా గీకి, రెక్కల్ని షెడ్డు దూలానికి తీగలతో వేలాడదీసి, కుంచెతో రెండు పూతలు వేశాడు. ఏ ముక్క ఎక్కడిదో మరిచిపోకుండా ఒక్కొక్క తీగకి ఒక్కొక్క అట్టముక్క, దాని మీద భార్య ఐలీ గుండ్రటి అక్షరాలు. ‘ఎడమ రెక్క’, ‘కుడి రెక్క’. అట్ట మీద ఉన్నది ఉన్నట్టే బిగించాడు. ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాడు.

అయినా ఇదీ సంగతి.

రోడ్డుకి అవతలి ఇంట్లోంచి క్లిఫ్ ట్రెవారో భుజాన పార వేసుకుని వచ్చాడు. వాళ్ల తాతలు కార్న్‌వాల్ నుంచి, ఓర్విల్ తాతలు ఫిన్లాండు నుంచి ఒకే రాగి గనిలోకి దిగినవాళ్లు. ఒకరి మీద ఒకరి ఎగతాళి మూడు తరాలుగా అరగకుండా నడుస్తోంది.

“ఏరా ఓర్విల్, మంచు తీస్తున్నావా, దానికి పాపిడి తీస్తున్నావా?” అన్నాడు క్లిఫ్, అటూ ఇటూ పడ్డ కుప్పల్ని చూసి.

“వచ్చాడండీ పెద్దమనిషి. ఏం కావాలి?”

“ఏం లేదు, కిటికీలోంచి అరగంట నుంచి చూస్తున్నా. మా ఆవిడైతే కాఫీ తాగడం కూడా మానేసింది. టీవీలో కూడా ఇంత బాగుండదంట.”

“చూసింది చాలు గానీ వచ్చి ఓ చెయ్యి వెయ్యి.”

క్లిఫ్ బ్లోయర్ ముందు గొంతుక్కూర్చుని, ఏదో తెలిసినవాడిలా దాని నోట్లోకి తొంగిచూశాడు. “బెల్టు తిరగేసి ఎక్కించుంటావ్. పంకా వెనక్కి తిరుగుతోంది.”

ఓర్విల్‌కి ప్రాణం లేచొచ్చింది. బెల్టు తిరగబడితే అది పెద్ద తప్పేం కాదు, ఎవడైనా చేస్తాడు. మూత విప్పి చూశారు. బెల్టు సరిగ్గానే ఉంది. పంకా సరైన వైపుకే తిరుగుతోంది.

“అయితే గొట్టానికి మంచు అంటుకుంటోంది. మా నాన్న లోపల కొవ్వొత్తి రుద్దేవాడు.”

కొవ్వొత్తి తెచ్చి రుద్దారు. ఓర్విల్ ఎక్కి పోనిచ్చాడు. గొట్టం మళ్లీ ఒక్క తుమ్ము తుమ్మింది, క్లిఫ్ టోపీ మీద.

“సరే, తప్పు మంచుదే,” అన్నాడు క్లిఫ్ టోపీ దులుపుకుంటూ. “మీ ఫిన్నులకి నూట ఇరవయ్యేళ్లయినా ఇక్కడి మంచు మాట వినదురా. ఏది ఏమైనా, కౌంటీ బళ్లన్నీ నీ చేతిమీదుగా పోయినవే కదా, ఈ బొమ్మ దగ్గర బోల్తా పడ్డావేంట్రా? ఏమైంది నీకు?”

నవ్వుతూనే అన్నాడు. వాడి నోరే అంత. కానీ ఆ చివరి మాట ఓర్విల్ మెడకి చల్లటి నీళ్లలా తగిలింది. “ఏం కాలేదు. నువ్వు పోయి నీ దారి చూసుకో, నీ మెట్లు కూడా కనపడట్లేదు,” అన్నాడు కాస్త గట్టిగానే. క్లిఫ్ ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి, పార తీసుకుని వెళ్లిపోయాడు.

ఓర్విల్ ట్రాక్టర్ని షెడ్డులోకి తోలి, బ్లోయర్ ముందు బకెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు. తిరిగేవన్నీ తిరుగుతున్నాయి. బిగించాల్సినవన్నీ బిగించాడు. మరి ఎందుకు? రెక్కల మెలికని కంటితో వెంబడించి చూశాడు. ఇది ఇటు తిరిగితే మంచు అటు పోతుంది. కాదు, ఇటు తిరిగితే... చూపుడు వేలు గాల్లో తిప్పాడు. మొదట సున్నా చుట్టాడు, తర్వాత వెనక్కి చుట్టాడు. ఏదో తట్టినట్టే తట్టి జారిపోయింది. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఒకప్పుడు ఇలాంటివి ఆలోచించాల్సిన పని ఉండేది కాదు, తల కంటే ముందు చేతికే తెలిసిపోయేది. ఇప్పుడు చెయ్యి తలనడుగుతోంది, తల చేతినడుగుతోంది. రెంటికీ తెలియదు.

గోడ మీద మేకుకి అట్టముక్కలు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. దింపి చదివాడు. ఎడమ రెక్క. కుడి రెక్క. ఇవి తనే చెప్పి ఐలీ చేత రాయించి ఉండాలి. ఎప్పుడు చెప్పాడు? మే నెలలోనే అయ్యుండాలి. ఏమని చెప్పాడు? ఆ రోజుని తల్లో ఎంత వెతికినా ఐలీ అక్షరాలే కనిపిస్తున్నాయి గానీ తన మాట వినిపించడం లేదు. ఓర్విల్‌కి భయం వేసింది. పైకి అనలేదు గానీ, చిన్నప్పుడు గడ్డి అటకమీంచి జారినప్పుడు వేసినంత భయం.

ఐలీ వంటింటి కిటికీలోంచి అంతా చూస్తూనే ఉంది. ఇరవై ఆరేళ్లు బడిపిల్లలకి మధ్యాహ్నం అన్నాలు వండిపెట్టిన మనిషి. ఎవడు తిన్నాడో, ఎవడు తిన్నట్టు నటిస్తున్నాడో దూరం నుంచే చెప్పగలదు. ఓర్విల్ లోపలికొచ్చి బూట్లు విప్పుకునేసరికి బల్ల మీద కాఫీ, పక్కన వెన్న రాసిన ఏలకుల రొట్టె సిద్ధంగా ఉన్నాయి.

అతను రొట్టె ముట్టుకోలేదు. కప్పు రెండు చేతుల మధ్యా పెట్టుకున్నాడు.

“ఐలీ.”

“ఊఁ.”

“నా తల పోతోంది. మా నాన్నకి పోయినట్టే.”

అనేశాడు. ఏడు నెలలుగా మోసినది రెండు మాటల్లో అయిపోయింది. ఐలీ చేతిలో గుడ్డ పక్కన పెట్టి ఎదురుగా కూర్చుంది.

“ఏప్రిల్‌లో నాలుగురోడ్ల దగ్గర ఆగిపోయావ్. అదేగా?”

“నీకెవరు చెప్పారు?”

“పాల లారీ హెరాల్డ్. వాళ్లావిడతో అన్నాడు, ఆవిడ నాతో అంది. ఈ ఊళ్లో నీ గుట్టు ఎన్నాళ్లు దాగుతుందనుకున్నావ్?”

“మరి ఇన్నాళ్లూ అడగలేదేం?”

“నువ్వే చెప్తావేమోనని చూశాను. జూన్ అన్నాను, జూలై అన్నాను. నువ్వు బ్లోయర్‌తో మాట్లాడుతున్నావ్ గానీ నాతో మాట్లాడవాయె. సరే, ఇప్పుడేమైంది? ఏంటంట దాని బాధ?”

అతను చెప్పాడు. రెక్కలు తిరుగుతున్నాయి, పంకా తిరుగుతోంది, మంచు మాత్రం మధ్యకి రాక పక్కలకి పోతోంది. అట్టముక్కల మీద ఉన్నట్టే బిగించానన్నాడు. ఎక్కడ తప్పిందో తెలియడం లేదన్నాడు. “చూస్తూనే ఉంటాను, ఐలీ. కళ్లెదురుగానే ఉంటుంది. కానీ పట్టు దొరకదు,” అన్నాడు. 

ఐలీ శ్రద్ధగా వింది. యంత్రాల సంగతి ఆమెకి తెలియదు. ఆమెకి మొగుడి సంగతి తెలుసు.

“చుక్కలు చూశావా?”

“ఏం చుక్కలు?”

ఐలీ అతని మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. వేళాకోళమేమో అని వెతికినట్టుంది. తర్వాత లేచి, గిన్నెల బీరువా రెండు తలుపులూ బార్లా తెరిచింది. “ఇలా రా.”

ఎడమ తలుపు లోపల, బందు పక్కన, మేకుతో పొడిచినంత చిన్న గుంట. కుడి తలుపుకి అలాంటివే రెండు, పక్కపక్కన.

“మనం వంటిల్లు బాగు చేసిన ఏడు కొట్టావ్ ఇవి. కొత్త తలుపులకి ఈ పొక్కులేంటని నీతో రెండ్రోజులు మాట్లాడలేదు నేను. ఎడమకి ఒకటి, కుడికి రెండు. నా కుట్టుమిషను మూతకున్నాయి, పొయ్యి తలుపులకున్నాయి, ఆవిరిస్నానాల సౌనా బెంచీలకున్నాయి. ఈ ఇంట్లో నువ్వు విప్పిన ప్రతిదానికీ ఉన్నాయి, ఓర్విల్. గుంటలు పొడిచే పంచ్ తీసి టకీమని కొట్టనిదే నువ్వు ఒక్క ముక్క కూడా కింద పెట్టేవాడివి కాదు.”

ఓర్విల్ ఆ గుంటల మీద వేలు పెట్టి చూశాడు. వేరేవాళ్ల ఇంట్లో తలుపు తడిమినట్టుంది. అప్పుడు నెమ్మదిగా గుర్తుకొచ్చింది. గరాజులో మొదటేడు పెద్ద మేస్త్రీ చెప్పిన మాట. కాగితం చినుగుతుంది, రంగు పోతుంది, గుంట పోదు.

బూట్ల తాళ్లు కూడా కట్టుకోకుండా షెడ్డుకి పరిగెత్తాడు. వెనకాలే ఐలీ, భుజాల మీద అతని కోటు కప్పుకుని. అతను జేబుకత్తి తీసి, కుడివైపు రెక్క నడిమి ఇనుప గొట్టం మీద, గేర్‌బాక్సుకి తగిలే కొసన, నారింజ రంగు గీకాడు. గోటితో తడిమాడు.

ఒక్క చుక్క.

ఎడమవైపుది గీకాడు. రెండు.

“తారుమారయ్యాయి,” అన్నాడు. “ఎడమది కుడికి బిగించాను. అందుకే మంచుని బయటికి నెడుతున్నాయి. చుక్కలు నేనే కొట్టాను, అవి తప్పవు. మరి అట్టముక్కలు? అవెలా తప్పాయి? నేను నీకేం చెప్పాను?”

“నువ్వేం చెప్పలేదు.” ఐలీ మొహం చిన్నబోయింది. “నువ్వు అప్పుడే విప్పి, వాటిని అక్కడక్కడే నేల మీద పెట్టి, కాఫీకి లోపలికెళ్లావ్. చీపురు పట్టుకొచ్చాను నేను. ఊడిస్తే కలిసిపోతాయని నేనే రాసి కట్టాను. సాయం చేద్దామనుకున్నా.”

“ఎక్కడ నిలబడి రాశావ్?”

“ఎక్కడేంటి? ఇక్కడే.” ఐలీ బ్లోయర్ ముందుకొచ్చి, దాని మొహంలోకి చూస్తూ నిలబడింది. “ఇది కుడి, ఇది ఎడమ.”

“ఓసి నా తల్లీ!” ఓర్విల్ బకెట్టు మీద కూలబడ్డాడు. “ట్రాక్టరుకి కుడి ఎడమలు సీటు మీంచి చూస్తారే! ముందు నిలబడి కాదు!”

“నేనెప్పుడైనా ఎక్కానా దాని మీద? నాకేం తెలుసు?”

అతనికి నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాడు. ఐలీకి ముందు కోపం వచ్చి, తర్వాత ఆమెకీ నవ్వొచ్చింది. ఇద్దరూ ఆ చలి షెడ్డులో కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వారు. తప్పు తనది కాదు. తను మరిచిపోయాననుకున్న మాట అసలు అననేలేదు. ఓర్విల్‌కి పదేళ్లు తగ్గినట్టనిపించింది.

బేరింగులు విప్పి, పిన్నులు లాగి, రెక్కల్ని అటుది ఇటు మార్చి బిగించడానికి రెండు గంటలు పట్టింది. ఐలీ దీపం పట్టుకుంది. మధ్యలో ఆమె పిన్ను అందిస్తూ “ఇది కుడిదా, ఎడమదా?” అనడిగితే, “నువ్వు మాట్లాడకు,” అన్నాడు.

మధ్యాహ్నం రెండు గంటలకి ఇంజను స్టార్టు చేశాడు. బ్లోయర్ మంచులోకి దిగింది. గొట్టం ఒక్కసారి గొంతు సవరించుకుని, తెల్లటి ధారని ఆకాశంలోకి ఎత్తి విసిరింది. అది కంచె దాటి, రోడ్డు దాటి, క్లిఫ్ అప్పుడే శుభ్రం చేసుకున్న మెట్ల మీద పడింది. క్లిఫ్ తలుపు తెరిచి పార ఊపుతూ ఏవో అరిచాడు. ఒక్క ముక్క వినపడలేదు. వినపడనంత మాత్రాన తెలియకపోదు. ఓర్విల్ టోపీ తీసి ఊపాడు.

దారి చివరిదాకా వెళ్లాడు. అక్కడ ట్రాక్టర్ని తిప్పుతూ కిందికి చూస్తే రంగు గీకిన చోట ఇనుము మెరిసింది. ఒక చుక్క ఎడమన, రెండు కుడిన. ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి.

అప్పుడు తట్టింది.

అట్టల తప్పు ఐలీది. సరే. కానీ తను అట్టల్ని ఎప్పుడు నమ్మాడు? ముప్పై రెండేళ్లలో ఒక్కరోజు కూడా చుక్క చూడకుండా ముక్క బిగించలేదు. మే నెలలో చెయ్యి దాని అలవాటు కొద్దీ చుక్కలు కొట్టింది. జూలైలో అదే చేత్తో ఆ రెక్కల్ని గీకాడు, రుద్దాడు, రెండు పూతలు రంగు వేశాడు. ఆ గుంటల మీంచి కుంచె ఎన్నిసార్లు పోయుంటుందో. అవి తనకి ఏమీ చెప్పలేదు. ఈ పొద్దున ఐలీ అడిగితే ‘ఏం చుక్కలు’ అన్నాడు. బ్లోయర్ మంచు విసిరింది, పరీక్ష మాత్రం తప్పాడు.

ఇంజను నడుస్తుండగానే దారి చివర ఆగిపోయాడు. ఎంతసేపో తెలియదు. మళ్లీ ఏమైందోనని ఐలీ గబగబా నడిచి వచ్చి, అతని మొహం చూసి బండి పక్కనే నిలబడింది. ఆమెకి వంటింట్లోనే తెలిసిపోయిందని అప్పుడు అర్థమైంది అతనికి. బీరువా తలుపులు తెరిచే ముందు తన మొహంలోకి అంతసేపు ఎందుకు చూసిందో కూడా.

ఓర్విల్ ఇంజను ఆపి కిందికి దిగాడు. “ఎక్కు.”

“నేనా? నాకు రాదు.”

“నేర్పుతాను. నాకు తెలిసినన్నాళ్లలోనే నేర్పాలిగా.” ఇంకో మాట అన్నాడు, “సోమవారం డాక్టరుకి ఫోన్ చెయ్యి. నేనయితే మరిచిపోయానంటాను. నిజంగానే మరిచిపోయానో, ఎగ్గొట్టానో నీకు తెలియదు.”

“నాకు తెలుస్తుంది,” అంది ఐలీ.  కోటు దగ్గరికి లాక్కుని, అతని భుజం పట్టుకుని సీటు మీదికెక్కింది.

ఓర్విల్ బ్లోయర్ ముందుకి వెళ్లి, ఆమెకి ఎదురుగా నిలబడ్డాడు. “ముందు అన్నిటికంటే ముఖ్యమైంది. ఎడమ ఏది?”

ఆమె ఎడమచెయ్యి పైకెత్తింది. అతను నిలబడ్డ చోటు నుంచి చూస్తే అది కుడివైపు ఉంది. ఓర్విల్ ఆ చెయ్యి వంక చూశాడు, తన చేతుల వంక చూసుకున్నాడు, మళ్లీ ఆమె వంక చూశాడు.

“అదే,” అన్నాడు. “రేపు నేను కాదన్నా సరే, నువ్వు మార్చకు.”